పుష్ చేయగానే టెస్టులు వాటంతట అవే నడవాలంటే: గిట్‌హబ్‌లో పైప్‌లైన్ పెట్టుకోవడం ఎలా?

"నా కంప్యూటర్‌లో బాగానే నడుస్తోందండీ, అక్కడికి పంపితేనే ఎర్ర గుర్తు వస్తోంది." కోడు రాసే కుర్రవాళ్ళు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఈ వాక్యానికే రకరకాల రూపాలు. మిగతా సగం దానికి ముందు దశవి: "అసలు ఈ పైప్‌లైన్ పెట్టుకోవడం ఎలా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. అందుకే రెండింటికీ జవాబు ఒకేచోట రాస్తున్నాను.

ఈ ఏర్పాటును మా రంగంలో పొట్టిగా సీఐ (కంటిన్యువస్ ఇంటిగ్రేషన్) అంటారు. ఆ రెండక్షరాలు వింటే మనకు పోలీసు స్టేషన్ గుర్తొస్తుంది. పోలిక మరీ దూరమేమీ కాదు. మీరు కోడు మార్చి పైకి పంపిన (దీన్నే పుష్ చేయడం అంటారు) ప్రతిసారీ ఎక్కడో ఒక కొత్త కంప్యూటర్ మీ కోసం సిద్ధమవుతుంది. మీ కోడు దించుకుంటుంది, కావలసిన సరంజామా వేసుకుంటుంది, టెస్టులన్నీ (కోడు సరిగ్గా పనిచేస్తోందో చూసే చిన్న ప్రోగ్రాములు) నడుపుతుంది, ఫలితం చెప్పి మాయమవుతుంది. ఆ కంప్యూటర్‌ను రన్నర్ అంటారు. సిద్ధాంతం ఇంతే, ఇక పనిలోకి దిగుదాం.

ఉదాహరణకు పైథాన్‌లో రాసిన చిన్న ప్రాజెక్టును తీసుకుంటాను: తెలుగు ఫైలు చదివి అందులో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టే ప్రోగ్రాము. వేదికగా గిట్‌హబ్ యాక్షన్స్ ఎంచుకున్నాను; కోడు దాచుకునే గిట్‌హబ్ సైటులోనే ఉన్న సీఐ సదుపాయం అది. అందరికీ కనిపించే రిపోజిటరీలకు (ప్రాజెక్టు కోడు, దాని చరిత్ర ఉండే చోట్లకు) దాని మామూలు రన్నర్లు ఉచితం. ప్రైవేటు రిపోజిటరీ అయితే ఉచిత ఖాతాకు నెలకు 2000 నిమిషాలు ఇస్తారు. మీ కోడు గిట్‌ల్యాబ్‌లో ఉంటే ఇదే పనిని రిపోజిటరీ మొదటి ఫోల్డర్‌లో పెట్టే ఒక్క ఫైలుతో చేయవచ్చు. పదాలు మారతాయి, పద్ధతి మారదు. జెంకిన్స్ అనే మరో సీఐ సాధనం సంగతి వేరు. దానికి మీ సొంత సర్వరు కావాలి, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. ఇద్దరు ముగ్గురు కలిసి రాసుకునే ప్రాజెక్టుకు అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఇక్కడ ఆదేశాలను తెలుగు లిపిలోనే రాస్తున్నాను. మీరు ఫైలులో టైపు చేసేటప్పుడు అవన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో ఉండాలి.

ముందుగా దగ్గర పెట్టుకోవలసినవి

- గిట్‌హబ్‌లో ఖాతా, అందులో మీ కోడు ఉన్న రిపోజిటరీ
- మీ కంప్యూటర్‌లో గిట్ (కోడు మార్పుల చరిత్ర దాచే సాధనం), పైథాన్
- రిక్వైర్‌మెంట్స్ అనే ఫైలు, అంటే మీ ప్రోగ్రాముకు కావలసిన ప్యాకేజీల జాబితా. టెస్టులు నడిపే పైటెస్ట్ కూడా అందులో ఉండాలి
- ట్యాబ్‌కు బదులు ఖాళీలు వేసే ఎడిటర్. ఎందుకో నాలుగో అడుగులో తెలుస్తుంది
- కనీసం ఒక్క టెస్టు. లేకపోతే రెండో అడుగులో రాద్దాం

1. మీ కంప్యూటర్‌లోనే కొత్త చోట నడిపి చూడండి

చాలామంది వదిలేసే అడుగు ఇదే. మీరు రోజూ పనిచేసే ఫోల్డర్‌లో ఎప్పుడో వేసుకున్న ప్యాకేజీలు, ఎప్పుడో సృష్టించుకున్న ఫైళ్ళు పోగుపడి ఉంటాయి. రన్నర్‌కు అవేవీ ఉండవు. కాబట్టి రన్నర్ చేయబోయే పనిని ముందు మీరే చేయండి: వేరే ఫోల్డర్‌లోకి రిపోజిటరీని కొత్తగా క్లోన్ చేయండి (నకలు దించుకోండి), కొత్త వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్టు ప్యాకేజీలకే ప్రత్యేకమైన అర) సృష్టించండి, రిక్వైర్‌మెంట్స్ ఫైలు నుంచి ప్యాకేజీలు వేయండి, టెస్టులు నడపండి.

ఇక్కడ ఆగిపోయిందంటే రన్నర్ మీద కూడా ఆగుతుంది. ఏదో ప్యాకేజీ జాబితాలో లేకపోవడమో, ఏదో ఫైలు గిట్‌లోకి ఎక్కకపోవడమో అయి ఉంటుంది. ఇక్కడ రెండు నిమిషాల్లో తేలిపోయేది అక్కడ పుష్ చేసి, ఎదురుచూసి, లాగ్ (రన్నర్ చేసిన పనుల చిట్టా) చదివి తేల్చుకోవడానికి పూట పడుతుంది.

హెచ్చరిక: జాబితా తయారు చేయడానికి పిప్ ఫ్రీజ్ (వేసుకున్న ప్యాకేజీలన్నింటినీ చూపే ఆదేశం) వాడేవారు అది వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ లోపల వాడాలి. బయట వాడితే ఈ ప్రాజెక్టుతో సంబంధం లేని ప్యాకేజీలన్నీ జాబితాలోకి చేరిపోతాయి. విండోస్‌కు మాత్రమే చెందిన ప్యాకేజీ ఒకటి అందులో దూరితే చాలు, లినక్స్ (ఇక్కడ ఉబుంటు) రన్నర్ దాన్ని వేయలేక చేతులెత్తేస్తుంది.

2. మూడు టెస్టులు రాయండి

మూడు చాలు, కానీ ఆ మూడూ నిజంగా దేన్నో పట్టుకునేవి కావాలి. మన ప్రోగ్రామునే చూడండి. "తెలుగు" అనే మాట పొడవెంత అని పైథాన్‌ను అడిగితే 6 అంటుంది. "స్త్రీ" పొడవు అడిగినా 6 అనే అంటుంది. గుణింతపు గుర్తులను, పొల్లులను కూడా అది విడివిడిగా లెక్కపెడుతుంది మరి. మన లెక్కలో మొదటిది మూడక్షరాలు, రెండోది ఒక్కటే. కాబట్టి టెస్టులు ఇవి: "తెలుగు" ఇస్తే 3 రావాలి, "స్త్రీ" ఇస్తే 1 రావాలి, ఖాళీ మాట ఇస్తే 0 రావాలి. పైథాన్ ఇచ్చే పొడవునే ఎవరైనా పొరపాటున తిరిగి పంపితే మొదటి రెండూ వెంటనే అరుస్తాయి.

టెస్టు ఫైలు పేరు, దానిలోని ఫంక్షన్ల పేర్లు టెస్ట్ అనే మాటతో, దాని వెంట అడుగుగీతతో మొదలవ్వాలి. అలా లేకపోతే పైటెస్ట్ వాటిని చూడకపోవచ్చు.

3. ఫైలును సరైన చోట పెట్టండి

రిపోజిటరీ మొదటి ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే గిట్‌హబ్ అనే ఫోల్డర్, దానిలో వర్క్‌ఫ్లోస్ అనే ఫోల్డర్, దానిలో మీకు నచ్చిన పేరుతో ఒక యామల్ ఫైలు (సెట్టింగులు రాసుకునే ఒక రకం టెక్స్టు ఫైలు). ఫైలు పేరు చివర వైఎంఎల్ అని గాని వైఏఎంఎల్ అని గాని ఉండాలి.

"ఫైలు పెట్టాను, ఏమీ జరగడం లేదు" అనేవారిలో ఎక్కువమంది పొరపాటు ఇక్కడే. వర్క్‌ఫ్లోస్ చివరి బహువచనాన్ని వదిలేస్తారు, లేదా చుక్క మరిచిపోతారు, లేదా నోట్‌ప్యాడ్ ఫైలు పేరు వెనుక గుట్టుగా టిఎక్స్‌టి తగిలిస్తుంది. ఈ మూడింటిలో ఏది జరిగినా గిట్‌హబ్ తప్పని చెప్పదు. మౌనంగా ఊరుకుంటుంది.

4. ఫైలు రాయండి

మొత్తం ఫైలు ఇది:

నేమ్: పరీక్షలు
ఆన్:
  పుష్:
    బ్రాంచెస్: [మెయిన్]
  పుల్_రిక్వెస్ట్:
పర్మిషన్స్:
  కంటెంట్స్: రీడ్
జాబ్స్:
  టెస్ట్:
    రన్స్-ఆన్: ఉబుంటు-లేటెస్ట్
    టైమౌట్-మినిట్స్: 10
    స్టెప్స్:
      - యూజెస్: యాక్షన్స్/చెకౌట్@వి4
      - యూజెస్: యాక్షన్స్/సెటప్-పైథాన్@వి5
        విత్:
          పైథాన్-వెర్షన్: "3.13"
          క్యాష్: పిప్
      - నేమ్: ప్యాకేజీలు వేయడం
        రన్: పిప్ ఇన్‌స్టాల్ -ఆర్ రిక్వైర్‌మెంట్స్.టిఎక్స్‌టి
      - నేమ్: టెస్టులు నడపడం
        రన్: పైథాన్ -ఎం పైటెస్ట్

నేమ్ పక్కన రాసేది నిజంగానే తెలుగులో ఉండవచ్చు. గిట్‌హబ్ తెరమీద "టెస్టులు నడపడం" అని చక్కగా కనిపిస్తుంది. కానీ జాబ్స్ కింద ఇచ్చే జాబ్ గుర్తింపు పేరు (ఇక్కడ టెస్ట్) ఇంగ్లీషు అక్షరాలతోనే ఉండాలి.

కొన్ని వరుసల గురించి కాస్త చెప్పాలి.

ఆన్ కింద ఉన్నది ఎప్పుడు నడవాలో చెబుతుంది: మెయిన్ బ్రాంచిలోకి (కోడు ముఖ్య శాఖలోకి) ఏది వచ్చినా, ఎవరు పుల్ రిక్వెస్ట్ (తమ మార్పులను కలుపుకోమనే అభ్యర్థన) తెరిచినా. పుష్ కింద బ్రాంచి పేరు ఇవ్వకపోతే ఒకే మార్పుకు రెండుసార్లు నడుస్తుంది, బ్రాంచికి ఒకసారి, పుల్ రిక్వెస్ట్‌కు ఒకసారి. నిమిషాలు వృథా. మీ ముఖ్య బ్రాంచి పేరు మెయిన్ కాక మాస్టర్ అయితే అదే రాయండి. పాత రిపోజిటరీల్లో ఈ తేడాతో దెబ్బతిన్నవాళ్ళను చాలామందిని చూశాను.

చెకౌట్ వరుస లేకపోతే రన్నర్ మీద మీ కోడే ఉండదు. "కోడు దానంతట అదే వస్తుందనుకున్నాను" అంటారు. రాదు. ఆ వరుస ఉన్నా చివరి కమిట్ (ఒకసారి దాచిన మార్పుల మూట) ఒక్కటే వస్తుంది. పాత చరిత్రో ట్యాగులో (కమిట్‌లకు తగిలించే పేర్లు) కావాలంటే చెకౌట్ కింద ఫెచ్-డెప్త్ 0 అని చెప్పాలి. చెకౌట్, సెటప్-పైథాన్‌ల వెర్షన్ అంకెలు పెరుగుతూ ఉంటాయి. వాటి పేజీలు తెరిచి తాజా అంకె వేసుకోండి.

పైథాన్ వెర్షన్ చుట్టూ కొటేషన్ గుర్తులు ఉన్నాయి చూశారా? అవి అలంకారం కాదు. యామల్‌లో గుర్తులు లేకుండా 3.10 అని రాస్తే అది దశాంశ సంఖ్య అవుతుంది, చివరి సున్నా రాలిపోయి 3.1 మిగులుతుంది. రన్నర్ 2009 నాటి పైథాన్ 3.1 కోసం వెతికి, దొరకలేదని ఏడుస్తుంది.

టైమౌట్ రాయకపోతే గడువు 360 నిమిషాలు. ఎక్కడో అంతులేని లూపులో చిక్కుకున్న టెస్టు ఆరు గంటలు తిరుగుతూ కూర్చుంటుంది. ప్రైవేటు రిపోజిటరీలో అలాంటివి ఆరు జరిగితే మీ నెల కోటా గోవిందా.

పైటెస్ట్‌ను నేరుగా పిలవకుండా ముందు పైథాన్ -ఎం పెట్టడం వెనుక కూడా కారణముంది. అలా పిలిస్తే ఇప్పుడున్న ఫోల్డర్‌ను కూడా పైథాన్ వెతుకుతుంది. లేకపోతే "మీ మాడ్యూల్ దొరకలేదు" అనే ఎర్ర గీత రావచ్చు, ఫైలు కళ్ళ ముందే ఉన్నా సరే.

ట్యాబ్ సంగతి: యామల్‌లో వరుసను లోపలికి జరపడానికి ఖాళీలే వాడాలి, ట్యాబ్ చెల్లదు. ఒక్క ఖాళీ అటూ ఇటూ అయినా అర్థం మారిపోతుంది. రన్ అనే మాట దాని పైనున్న నేమ్‌కు సరిగ్గా కిందే ఉండాలి.

5. పంపండి, చూడండి

కమిట్ చేసి పుష్ చేయండి. రిపోజిటరీ పేజీలో యాక్షన్స్ అనే ట్యాబ్ తెరిస్తే పసుపు చుక్క తిరుగుతూ కనిపిస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో అది ఆకుపచ్చ టిక్కుగానో ఎర్ర ఇంటూగానో మారాలి.

పుష్ దగ్గరే తిరస్కరిస్తే, ఆ సందేశంలో వర్క్‌ఫ్లో స్కోప్ అనే మాట ఉంటే కంగారు పడకండి. మీ టోకెన్‌కు (పాస్‌వర్డుకు బదులు వాడే తాళంచెవి) మామూలు కోడు మార్చే హక్కు ఉంది, పైప్‌లైన్ ఫైళ్ళు మార్చే హక్కు లేదు. ఖాతా సెట్టింగుల్లో టోకెన్‌కు ఆ హక్కు టిక్కు పెట్టి మళ్ళీ పుష్ చేయండి.

6. ఇప్పుడు కావాలని చెడగొట్టండి

ఆకుపచ్చ రాగానే చాలామంది సంబరపడి లేచిపోతారు. నా దృష్టిలో పని అప్పుడే మొదలవుతుంది. ఎర్రబడటం చేతకాని పైప్‌లైన్ కూడా ఎప్పుడూ ఆకుపచ్చగానే ఉంటుంది.

ఇది ఊహ కాదు. నేను ఒకప్పుడు పనిచేసిన చోట పైప్‌లైన్ నెలల తరబడి ఆకుపచ్చగా వెలిగింది. ఒకరోజు వాడుకరులకు తప్పు లెక్కలు వెళ్ళాక లాగ్ తెరిచి చూస్తే, లోపల టెస్టులు రోజూ తప్పుతూనే ఉన్నాయి. ఎవరో ఒక హడావిడి సాయంత్రం టెస్టు ఆదేశం చివర రెండు నిలువు గీతలు, ట్రూ అనే మాట తగిలించి వెళ్ళారు. దాని అర్థం "తప్పినా తప్పలేదని చెప్పు". తరవాత తీసేద్దామనుకున్నారు, మరిచిపోయారు. ఆ ఎవరో నేనే.

కాబట్టి ఈ మూడు ప్రయోగాలు చేయండి. మెయిన్ మీద కాదు, వేరే బ్రాంచి తీసి పుల్ రిక్వెస్ట్ తెరిచి చేయండి.

మొదటిది: "తెలుగు"కు 3 రావాలని రాసిన చోట 4 అని మార్చండి. ఎర్రగా రావాలి. టెస్టులు నిజంగా నడుస్తున్నాయని దీనితో తెలుస్తుంది.

రెండోది: టెస్టును సరిచేసి, అసలు ప్రోగ్రామును చెడగొట్టండి; అక్షరాల లెక్కకు బదులు పైథాన్ ఇచ్చే పొడవును తిరిగి పంపండి. ఇప్పుడూ ఎర్రగా రావాలి. మొదటి ప్రయోగంలో ఎర్రబడి దీనిలో ఆకుపచ్చగా ఉంటే మీ టెస్టు మీ కోడును కాక మరెక్కడో ఉన్న పాత కాపీని పరీక్షిస్తోందన్నమాట. తరచుగా అది ప్యాకేజీగా ఇన్‌స్టాల్ అయిన పాత వెర్షన్ అవుతుంది.

మూడోది: టెస్టు ఫైలు పేరును పూర్తిగా మార్చేయండి. ఒక్క టెస్టూ దొరకనప్పుడు పైటెస్ట్ 5 అనే అంకెతో ముగుస్తుంది, అది కూడా ఎర్రే.

ఆ అంకెల గురించి రెండు ముక్కలు. ప్రతి ఆదేశమూ ముగిసేటప్పుడు ఒక అంకె ఇచ్చి పోతుంది: 0 అయితే క్షేమం, ఇంకేదైనా అయితే తప్పు. రన్నర్ చూసేది ఆ అంకెనే, తెరమీద పడిన అక్షరాలను కాదు. అందుకే ఇంకో ఉచ్చు ఉంది. టెస్టు ఫలితాన్ని ఫైలులో కూడా దాచుకుందామని పైటెస్ట్ తరవాత ఒక నిలువు గీత వేసి టీ అనే ఆదేశానికి కలిపారనుకోండి. అప్పుడు రన్నర్‌కు చేరేది పైటెస్ట్ అంకె కాదు, టీ అంకె. టీ ఎప్పుడూ క్షేమమే. ఆ అడుగు కింద షెల్: బాష్ అని విడిగా రాస్తే గిట్‌హబ్ కఠినంగా చూస్తుంది, గొలుసులో ఎక్కడ తప్పినా తప్పే అంటుంది. రాయకపోతే చూసీ చూడనట్టు పోతుంది.

7. ఎర్రగా వస్తే లాగ్ ఎలా చదవాలి

చివరి వరుస నుంచి కాదు, మొదటి తప్పు నుంచి చదవండి. చివర కనిపించే "ప్రాసెస్ 1 అంకెతో ముగిసింది" అనే వరుసలో సమాచారమేమీ లేదు. ఎర్ర ఇంటూ ఉన్న అడుగును తెరిచి, దానిలో మొదట ఎర్రర్ అనే మాట ఎక్కడ వచ్చిందో వెతకండి. ఆ తరవాతివి చాలాసార్లు దాని పిల్లలే.

"నా దగ్గర నడుస్తోంది, అక్కడ లేదు" అనే ఫిర్యాదుకు మళ్ళీ మళ్ళీ కనిపించే కారణాలు ఇవి.

పెద్ద, చిన్న అక్షరాల తేడా. విండోస్, మ్యాక్‌లలో ఫైలు పేరులో మొదటి అక్షరం పెద్దదైనా చిన్నదైనా మామూలుగా ఒకటే. లినక్స్‌కు అవి రెండు వేరు ఫైళ్ళు. ఫైలు పేరును పెద్దక్షరంతో పెట్టి కోడులో చిన్నక్షరంతో పిలిస్తే మీ దగ్గర దొరుకుతుంది, రన్నర్‌కు దొరకదు. పేరు మార్చేటప్పుడు ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో కాదు, గిట్ ఎంవి ఆదేశంతో మార్చండి. లేకపోతే మార్పు గిట్‌కు తెలియనే తెలియదు.

వరుస ముగింపు గుర్తులు. విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్టులో ప్రతి వరుస చివరా కంటికి కనిపించని అదనపు గుర్తు ఉంటుంది. లినక్స్ దాన్ని మింగలేక విచిత్రమైన తప్పులు చూపిస్తుంది. ఎడిటర్‌లో వరుస ముగింపును ఎల్ఎఫ్‌గా మార్చి దాచుకోండి.

గడియారం. రన్నర్ నడిచేది యూటీసీ (ప్రపంచ ప్రామాణిక) కాలంతో, మన గడియారం దానికి 5 గంటల 30 నిమిషాలు ముందు. "ఈ రోజు తేదీ" మీద ఆధారపడిన టెస్టు పగలంతా బాగుండి, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజామున అయిదున్నర లోపు పుష్ చేసినప్పుడు మాత్రమే తప్పుతోందంటే కారణం ఇదే. మనకు తేదీ మారింది, రన్నర్‌కు ఇంకా నిన్ననే. టీజడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు ఏషియా/కోల్‌కతా ఇస్తే అప్పటికి సర్దుకుంటుంది (ఇక్కడ మాత్రం టీజడ్ రెండక్షరాలూ, ఏషియా, కోల్‌కతాల మొదటి అక్షరాలూ ఇంగ్లీషు పెద్ద అక్షరాలు). అసలు మందు మాత్రం టెస్టుకు తేదీని మీరే చేతికివ్వడం.

ఒకసారి ఎరుపు, ఒకసారి ఆకుపచ్చ. మళ్ళీ నడుపు అనే మీట నొక్కితే సరిపోతోంది కదా అని ఊరుకోకండి. ఆ టెస్టు బయటి వెబ్‌సైటు మీదో, ముందు నడిచిన మరో టెస్టు వదిలిన ఫైలు మీదో ఆధారపడి ఉంటుంది. ఒంటరిగా నడిపి చూస్తే దొరికిపోతుంది.

8. ఒకటికి మించిన చోట్ల నడపండి

మీ ప్రోగ్రామును వాడేవారిలో విండోస్ వాళ్ళుంటే రన్నర్ల జాబితాలో విండోస్ కూడా చేర్చాలి. దీనికి స్ట్రాటజీ, దాని కింద మ్యాట్రిక్స్ అనే విభాగం ఉంది. ఓఎస్ పక్కన ఉబుంటు-లేటెస్ట్, విండోస్-లేటెస్ట్, పైథాన్ పక్కన "3.10", "3.13" అని రాసి, రన్స్-ఆన్ దగ్గర, పైథాన్-వెర్షన్ దగ్గర ఆ పేర్లను పిలిస్తే రెండు రెళ్ళు నాలుగు జాబ్‌లు ఒకేసారి నడుస్తాయి. దీనికి ఫెయిల్-ఫాస్ట్: ఫాల్స్ అని చేర్చండి. లేకపోతే ఒకటి తప్పగానే మిగతా మూడింటినీ గిట్‌హబ్ ఆపేస్తుంది, తప్పు విండోస్‌దో పైథాన్‌దో తేలదు.

తెలుగుతో పనిచేసే ప్రోగ్రాములకు ఈ అడుగు తప్పనిసరి అంటాను. ఎందుకో దగ్గరగా చూద్దాం. ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతి) చెప్పకుండా ఫైలు తెరిస్తే లినక్స్‌లో పైథాన్ దాన్ని యూటీఎఫ్-8గా చదువుతుంది. విండోస్‌లో ఇంతకాలమూ పాత 1252 పట్టికతో చదువుతూ వచ్చింది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు. పదహారు అంకెల (హెక్స్) లెక్కలో పొల్లు మూడో బైటు 8డి, కొమ్ము మూడో బైటు 81. ఆ పాత పట్టికలో ఈ రెండూ ఖాళీ గళ్ళు. అందుకని పొల్లో కొమ్మో తగలగానే ప్రోగ్రాము యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ అని కూలిపోతుంది. "రామ" అని మాత్రమే ఉన్న ఫైలైతే కూలదు, కానీ ఏవేవో పిచ్చి గుర్తులుగా చదువుతుంది. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఎవరికీ తెలియదు. "తెలుగు"లో రెండు కొమ్ములున్నాయి. ఆ మాట ఉన్న చిన్న ఫైలును చదివే టెస్టు ఒకటి పెట్టుకోండి. ఫైలు తెరిచే ప్రతి చోటా ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాయండి. సరిచేశారో లేదో విండోస్ జాబ్ ఆకుపచ్చ అయితే తెలుస్తుంది.

ప్రైవేటు రిపోజిటరీలో విండోస్, మ్యాక్ నిమిషాలు లినక్స్ కంటే ఖరీదు. అలాంటప్పుడు పుల్ రిక్వెస్ట్‌లకు లినక్స్ ఒక్కటే నడిపి, మెయిన్‌లోకి వచ్చాక మిగతావి నడపడం మంచి రాజీ.

9. బిల్డ్ చేసి, బిల్డ్ అయినదాన్నే పరీక్షించండి

ఇంతవరకు పరీక్షించింది మీ ఫోల్డర్‌లోని కోడును. వాడుకరికి చేరేది మాత్రం ప్యాకేజీ. రెండింటి మధ్య ఏదైనా జారిపోవచ్చు. మన ప్రోగ్రాము ఒక పదాల జాబితా ఫైలును వెంట తీసుకెళ్ళాలనుకోండి. ప్యాకేజీలో దాన్ని చేర్చమని చెప్పడం మరిచిపోతే టెస్టులన్నీ ఆకుపచ్చగానే ఉంటాయి, వాడుకరి దగ్గర మొదటి పరుగులోనే కూలుతుంది.

కాబట్టి బిల్డ్ అనే రెండో జాబ్ పెట్టి, దానికి నీడ్స్: టెస్ట్ అని రాయండి, టెస్టులు నెగ్గాకే అది మొదలవుతుంది. దానిలో ముందు పైథాన్ -ఎం బిల్డ్ నడపండి (బిల్డ్ ప్యాకేజీ వేసుకోవాలి, రిపోజిటరీలో ప్యాకేజీ వివరాలు చెప్పే పైప్రాజెక్ట్ ఫైలు ఉండాలి). డిస్ట్ ఫోల్డర్‌లో వీల్ ఫైలు (ఇన్‌స్టాల్ చేయడానికి సిద్ధంగా ఉన్న ప్యాకేజీ) తయారవుతుంది. దాన్ని పిప్‌తో వేసి, ఇంకో ఫోల్డర్‌లోకి వెళ్ళి, ప్రోగ్రామును ఒక్కసారి పిలిచి చూడండి. ఇంకో ఫోల్డర్‌లోకి వెళ్ళడం ముఖ్యం. అక్కడే ఉంటే పైథాన్ మళ్ళీ మీ కోడు ఫోల్డర్‌నే పట్టుకుంటుంది.

ప్రతి జాబ్‌కూ కొత్త కంప్యూటర్ వస్తుందని మరవకండి. ఒక జాబ్‌లో తయారైన ఫైలు రెండోదానిలో ఉండదు. ఫైలు అందించాలంటే అప్‌లోడ్-ఆర్టిఫ్యాక్ట్, డౌన్‌లోడ్-ఆర్టిఫ్యాక్ట్ అనే యాక్షన్లు (యూజెస్ పక్కన పేరు రాసి పిలిచే, ముందే రాసిపెట్టిన అడుగులు) వాడాలి.

10. తలుపుకు గడియ పెట్టండి

ఎర్రగా ఉన్నా మెర్జ్ (మార్పులను మెయిన్‌లో కలిపే) మీట నొక్కగలిగితే పైప్‌లైన్ ఉన్నా లేనట్టే. రిపోజిటరీ సెట్టింగుల్లో బ్రాంచెస్ కిందికి వెళ్ళి, మెయిన్‌కు రక్షణ నియమం పెట్టి, మెర్జ్‌కు ముందు ఏయే జాబ్‌లు నెగ్గాలో ఎంచుకోండి. ఉచిత ఖాతాలో ఇది అందరికీ కనిపించే రిపోజిటరీలకే పనిచేస్తుంది, ప్రైవేటువాటికి డబ్బు కట్టాలి.

మ్యాట్రిక్స్ వాడితే జాబ్ పేరు వెనుక బ్రాకెట్లలో ఓఎస్, వెర్షన్ కూడా చేరతాయి. రేపు 3.13ను 3.14కు మార్చారనుకోండి, పాత పేరుతో జాబ్ ఇక రాదు, నియమం మాత్రం దాని కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. పుల్ రిక్వెస్ట్ ఎన్నటికీ తెగదు. "పసుపు చుక్క రెండు రోజులుగా అలాగే ఉంది" అని ఎవరైనా అంటే ముందు ఇదే చూడండి.

పాస్‌వర్డులు, ఇతరుల యాక్షన్లు

పాస్‌వర్డును యామల్ ఫైలులో ఎప్పుడూ రాయకండి. సెట్టింగుల్లోని సీక్రెట్స్ విభాగంలో పెట్టి పేరుతో పిలవండి. పొరపాటున కమిట్ చేసి ఉంటే తరవాతి కమిట్‌లో తీసేస్తే సరిపోదు, చరిత్రలో ఉంటుంది. ఆ పాస్‌వర్డునే మార్చేయాలి.

మీ రిపోజిటరీని ఫోర్క్ చేసిన (తమ ఖాతాలోకి నకలు తీసుకున్న) బయటివారి పుల్ రిక్వెస్ట్‌లకు సీక్రెట్స్ అందవు. అది లోపం కాదు, రక్షణ. దాన్ని దాటడానికి పుల్_రిక్వెస్ట్_టార్గెట్ వాడమని ఎవరైనా సలహా ఇస్తే ఆగండి. ఆ దారిలో సీక్రెట్స్ అందుబాటులో ఉండగా బయటివారి కోడును దించుకుని నడిపారంటే ఇంటి తాళాలు దారినపోయేవారికి ఇచ్చినట్టే.

ఇతరులు రాసిన యాక్షన్లను వాడేటప్పుడు కూడా చూసుకోండి. 2025 మార్చిలో టీజే-యాక్షన్స్ వారి చేంజ్డ్-ఫైల్స్ అనే యాక్షన్‌లోకి దుండగులు చొరబడి, దాని వెర్షన్ ట్యాగులను తమ కోడువైపు తిప్పారు. దాన్ని వాడే రిపోజిటరీలు 23 వేలకు పైగా ఉన్నాయి. పైప్‌లైన్‌లోని సీక్రెట్స్‌ను లాగ్‌లోకి అచ్చేసేలా ఆ కోడు రాశారు. ట్యాగును ఎప్పుడైనా మార్చవచ్చు. కమిట్ గుర్తును మార్చలేరు. అందుకే గిట్‌హబ్ సొంతవి కాని యాక్షన్లకు @ తరవాత వెర్షన్ అంకె కాక 40 అక్షరాల పూర్తి కమిట్ గుర్తు రాయండి. పైన ఫైలులో పర్మిషన్స్ దగ్గర రీడ్ అని మాత్రమే రాసింది కూడా ఇలాంటి రోజు కోసమే.

రోజూ ఒకే వేళకు నడపాలంటే

మీరు కోడు ముట్టుకోకపోయినా, మీరు వాడే ప్యాకేజీలు మారి టెస్టులు తప్పవచ్చు. రోజుకోసారి నడపడానికి ఆన్ కింద షెడ్యూల్, దాని కింద క్రాన్ (నడవాల్సిన వేళను చెప్పే వరుస) చేర్చండి. సమయాన్ని యూటీసీలో లెక్కకట్టండి. మన ఉదయం 6 గంటలకు నడవాలంటే అక్కడ 0 గంటల 30 నిమిషాలు, అంటే కొటేషన్ గుర్తుల మధ్య "30 0 * * *" అని రాయాలి. ముందు నిమిషం, తరవాత గంట. తారుమారు చేస్తే 30వ గంట లేదని ఫైలునే తిరస్కరిస్తుంది. సరిగ్గా గంట కొట్టే వేళను ఎంచుకోకండి, ప్రపంచమంతా అదే ఎంచుకుంటుంది కాబట్టి ఆలస్యమవుతుంది.

షెడ్యూల్ ముఖ్య బ్రాంచిలో ఉన్న ఫైలు నుంచే నడుస్తుంది. వేరే బ్రాంచిలో పెట్టి రాత్రంతా ఎదురుచూడకండి. ఉదయం దాకా ఆగకుండా పరీక్షించుకోవడానికి ఆన్ కింద వర్క్‌ఫ్లో_డిస్పాచ్ కూడా చేర్చండి, యాక్షన్స్ ట్యాబ్‌లో చేత్తో నడిపే మీట వస్తుంది.

అందరికీ కనిపించే రిపోజిటరీలో 60 రోజులపాటు ఏ కదలికా లేకపోతే గిట్‌హబ్ షెడ్యూలును తనంతట తానే ఆపేస్తుంది. "రెండు నెలలు బాగా నడిచి ఆగిపోయింది, నేనేమీ మార్చలేదు" అని అడిగినవారికి జవాబు వారి ప్రశ్నలోనే ఉంది. యాక్షన్స్ ట్యాబ్‌లో ఆ వర్క్‌ఫ్లోను తెరిచి ఎనేబుల్ మీట నొక్కితే మళ్ళీ మొదలవుతుంది.